దయ్యం లేని ఎనభై పుటలు

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంటి పక్కనే ఒక బైండింగు అంగడి ఉండేది. ముందు గదిలో అద్దెకిచ్చే నవలలు, వెనుక గదిలో సూది, దారం, మైదా జిగురు. అంగడి నడిపే ముసలాయనను వీధి పిల్లలందరం సాయిబు తాత అని పిలిచేవాళ్ళం. మా అమ్మకు నవలలు తెచ్చిపెట్టే పని నాది. ఆమె చేతికి ఇవ్వకముందే వాటిని నేను చదివేసేదాన్ని. వాటిలో అట్ట ఊడిపోయిన పాత దయ్యం నవల ఒకటి ఉండేది. ఏడో తరగతిలో దానిని మూడుసార్లు చదివాను. నాలుగోసారి నా చేత సాయిబు తాత చదివించాడు. ఈ వారం పద్నాలుగోసారి ముగించి డైరీలో తేదీ వేసుకున్నాను.

కథ పెద్దదేమీ కాదు. ఒక హాస్టల్లో నత్తి ఉన్న అమ్మాయిని నలుగురు తోటి పిల్లలు వెక్కిరిస్తుంటారు. ఒక సాయంత్రం ఆమెను నీళ్ళతొట్టి గదిలోకి తోసి బయట గడియ పెడతారు. ఆమె చనిపోతుంది. ఎనభై ఒకటో పుటలో దయ్యమై తిరిగి వస్తుంది. అక్కడి నుంచి నూట అరవయ్యో పుట దాకా ఆ నలుగురి పని పడుతుంది. నాకు ఆ రెండో సగమే ఇష్టం. మొదటి సగాన్ని గబగబా దాటేసి, దయ్యం వచ్చేచోట స్థిమితంగా కూర్చునేదాన్ని. నేనెప్పుడూ దయ్యం పక్షమే.

మా జిల్లాలో పల్లెలు పార్టీలుగా చీలిన ఏళ్ళవి. పార్టీ అంటే ఓటు గుర్తు తర్వాతి మాట. ఎవరు ఏ వీధిలో నడవవచ్చు, ఎవరి ఇంట నీళ్ళు తాగవచ్చు అన్నది ముందు మాట. జమ్మలమడుగు వైపు పల్లెల నుంచి మగపిల్లలను తెచ్చి ప్రొద్దుటూరులో బంధువుల ఇళ్ళలో పెట్టేవారు. అలా మా తరగతికి ఒక పిల్లవాడు వచ్చాడు. అతని తండ్రిని ఎదుటి పార్టీవాళ్ళు చంపారు. ఊళ్ళో పెరిగితే ఆ పగ కొడుకు నెత్తికెక్కుతుందని తల్లి భయం, పుస్తకం పట్టినన్నాళ్ళూ కత్తి పట్టడని ఆశ. అందుకే మా వీధి చివరనున్న మేనత్త ఇంటికి పంపింది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

అతనికొక అలవాటు ఉండేది. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు, చూపు వాకిలికి. పాఠం చెవులతో వినేవాడు, కళ్ళు మాత్రం వాకిలిని వదిలేవి కావు. ఆ పల్లెల్లో అన్నానికి కూర్చున్నా సరే, వాకిలికి వీపు పెట్టకూడదని పిల్లలకు నడక వచ్చిన నాటి నుంచీ నేర్పుతారట. మా టౌను పిల్లలకు అది పెద్ద తమాషా.

“ఏంరా, యాడ చూస్తాండావు? మీ పార్టీవాళ్ళు జీపులో వస్తాండారా?”

“సారు ఈ పక్క ఉండాడప్పా, వాకిట్లో కాదు!”

ఈ మాటల్లో ఎక్కువ నేను కట్టినవే. నా స్నేహితురాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కోసం మరునాటికి ఇంకొకటి కట్టేదాన్ని.

దీపావళి ముగిశాక నా దగ్గర ఒక ఉల్లిగడ్డ బాంబు మిగిలింది. నిప్పక్కరలేదు, నేలకేసి కొడితే పేలుతుంది. ఒక మధ్యాహ్నం, బెల్లు కొట్టకముందే, నా స్నేహితురాళ్ళిద్దరు వెళ్ళి అతని మూల బెంచీ ఆక్రమించి లేవమన్నా లేవలేదు. అతను ముందు బెంచీ మీద, వాకిలికి వీపు పెట్టి కూర్చోవలసి వచ్చింది. నేను గడప దగ్గర నిలబడి బాంబును నేలకేసి కొట్టాను.

కేకపెట్టి ఏడుస్తాడనుకున్నాను. అతను ఏడవలేదు. “పండుకోండి! అందరూ పండుకోండి!” అని అరుస్తూ, పొగ లేచిన వాకిలి వైపే ఒక్క దూకు దూకి, నా చెయ్యి పట్టి నేలకు లాగి, నా మీద అడ్డంగా పడ్డాడు. నా తల మీద అతని అరచెయ్యి కప్పి ఉంది. శబ్దం వినబడగానే నీకంటే చిన్నవాళ్ళను నీ కిందికి లాక్కోవాలని కూడా వాళ్ళకు నేర్పుతారని తర్వాత తెలిసింది. తరగతిలో అందరికంటే పొట్టిదాన్ని నేను.

“ఒరే, ఆడపిల్లను పట్టుకుండాడ్రోయ్!” అని ఎవరో అరిచారు. తరగతంతా గొల్లుమంది. శబ్దం విని హెడ్మాస్టరు పరుగున వచ్చారు. ఆయనకు కనిపించింది కాస్త పొగ, ఒక ఆడపిల్ల మీద పడి ఉన్న ఫ్యాక్షన్ ఊరి పిల్లవాడు.

“ఎవరు పేల్చింది?”

తరగతిలో చప్పుడు లేదు. ఆయన రెండోసారి అడగలేదు. “ఊరి బుద్ధి యాడికి పోతాది” అంటూ అతని చెయ్యి చాపించి బెత్తం విరిగేదాకా కొట్టారు. మేనత్తను పిలుచుకొని రమ్మన్నారు. పోతూ పోతూ అతను నన్నొకసారి చూశాడు. నేను నా గౌనుకంటిన దుమ్ము దులుపుకుంటున్నాను.

సాయంత్రం అంగడికి వెళ్ళి ఈ కథను సాయిబు తాతకు గొప్పగా చెప్పాను. “తాతా, దయ్యం పుస్తకం మాదిరే చేసినాం ఈ పొద్దు. దెబ్బలు మాత్రం వానికే పడె!”

తాత సూది ఆపాడు. “నీ మీద ఎందుకు పడె ఆ పిల్లోడు?”

“ఏమో.”

“ఏమో గాదు పాపా. నీకు తెలుసు.”

అరలోంచి ఆ నవల తీసి కత్తితో కుట్టు కోశాడు. పుస్తకం పది ఫారాలుగా విడిపోయింది. ఫారం అంటే పదహారు పుటల మడత. అయిదు ఫారాలు బల్ల కింద పెట్టేశాడు. మిగిలిన అయిదింటికీ చివర ఒక తెల్లకాగితం చేర్చి, మళ్ళీ కుట్టి, అట్ట వేసి నా చేతిలో పెట్టాడు.

“చదువు.”

“దయ్యం యాడ తాతా?”

“రాదు. దయ్యమొస్తే భయం పోతాది పాపా. అది వచ్చి అందరికీ సరిజేస్తాదిలే అని మనకొక ధైర్యం. రాకుంటే ఎట్లుంటాదో చూడు.”

ఇంటికి వెళ్ళి చదివాను. తొందరగా చేరవలసిన చోటేదీ లేకపోవడంతో ప్రతి పుట దగ్గరా ఆగవలసి వచ్చింది. అరవై మూడో పుటలో వార్డెను అడుగుతుంది: గడియ ఎవరు పెట్టారు? ఎవరూ చెప్పరు. మూడుసార్లు చదివినా ఆ పుట నా కంట పడనే లేదు. డెబ్భై తొమ్మిదిలో చచ్చిపోయిన పిల్ల తల్లి వచ్చి కూతురి పెట్టె నెత్తిన పెట్టుకుంటుంది. ఎనభైలో ఆమె గేటు దాటుతుంది. ఆ నలుగురూ భోజనానికి వెళతారు. నేను పుట తిప్పాను. తెల్లకాగితం. దానికేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఏ దయ్యమూ నాలో పుట్టించని భయాన్ని ఆ కాగితం పుట్టించింది.

మరునాడు ఏడు గంటలకే తయారయ్యాను, హెడ్మాస్టరు ఇంటికి వెళ్ళి చెప్పేద్దామని. జడ వేసుకున్నాను, విప్పాను, మళ్ళీ వేసుకున్నాను. గడప దాటేసరికి ఏడున్నర. వీధి చివర మేనత్త కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉంది. “పోయినాడు పాపా. వాళ్ళమ్మ వచ్చి ఏడు గంటల బస్సుకే పిలుచుకొని పోయె.” బస్సు పోయింది కదా, ఇక చెప్పి ప్రయోజనమేముంది అనుకొని నేను వెనక్కి తిరిగాను. ఆనాడే డైరీ మొదలుపెట్టాను. మొదటి పుటలో ఒకటే వాక్యం: అరగంట ఆలస్యమైంది.

ఇరవై రెండేళ్ళు ఆ వాక్యాన్ని నమ్మాను. పులివెందులలో ఉద్యోగం చేస్తుండగా ఒక శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్ళాను. మండపంలో ఒక మనిషి గోడకు వీపు ఆనించి గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. చుట్టూ నలుగురు మనుషులు. ముఖం కంటే ముందు ఆ కూర్చున్న తీరును గుర్తుపట్టాను. దగ్గరికి వెళ్ళి పేరు చెప్పాను. నమస్కారం పెట్టాడు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

“ఆ పొద్దు బాంబు నాదే,” అన్నాను.

నవ్వాడు. “తెలుసులేమ్మా. నీ చేతికి మందు వాసన వచ్చె. నా మీద పడిన మొదటి బాంబు నీదే.”

“చెబుదామనే పొద్దున్నే బయలుదేరినా. అరగంట తేడాతో బస్సు పోయింది.”

నవ్వు ఆగింది. “బస్సులో పోయింది నేను గదమ్మా. సారు యాడికీ పోలేదే. టీసీ రాసింది వారం దినాలకు. నడవడి మంచిది కాదని రాసినారు. ఆ కాయితం పట్టుకోని మాయమ్మ జమ్మలమడుగులో రెండు బళ్ళు తిరిగె, ఎర్రగుంట్లలో ఒకటి తిరిగె. ఎవురూ చేర్చుకోలే. ఇంగ నేను యాడికి పోదును?”

గొంతులో కోపం లేదు. వాన పడని ఏడాది గురించి చెప్పినట్టు చెప్పాడు. ఇంతలో ఎవరో “అన్నా, జీపు వచ్చె” అన్నారు. అతను లేచి, ముందు గేటుకు రెండు వైపులా చూసి, తర్వాత నడిచాడు.

నాకు వారం గడువు ఉండింది. నేను దానిని అరగంటగా రాసుకున్నాను.

ఏడో తరగతి ముగిసిన ఏడాదే సాయిబు తాత ఆ మిగతా అయిదు ఫారాలు చూపించి, కలిపి కుట్టమంటావా అని అడిగాడు. వద్దన్నాను. అందుకే నా దగ్గరున్నది ఈనాటికీ ఎనభై పుటల పుస్తకమే, చివర తెల్లకాగితంతో. గండి నుంచి వచ్చిన నాటి నుంచి నా డైరీలో ప్రతి పుటకూ ఎడమ అంచున రెండు గళ్ళు గీస్తున్నాను. నా తప్పు నాకు తెలిసిన వేళ ఒకదానిలో, దానిని చెప్పవలసినవాళ్ళకు చెప్పిన వేళ రెండోదానిలో. చాలా పుటల్లో ఆ రెండింటికీ మధ్య ఒక పూట కంటే ఎక్కువ ఎడం ఉండదు. మొదటి పుటలోని పాత వాక్యాన్ని కొట్టేసి అక్కడా రెండు గళ్ళు గీశాను. ఎడమ గడిలో తెల్లకాగితం చూసిన ఆ రాత్రి తేదీ రాశాను. గండిలో చెప్పాను కదా అని రెండోదానిలో ఆ శనివారం వేయబోయి ఆగాను. నేను చెప్పవలసింది అతనికి కాదు; అతనికి ఆనాడే తెలుసు. హెడ్మాస్టరు అప్పటికే కాలం చేశారు. ఆ గడి తెల్లగానే ఉంది.