మా అత్తగారి పులుసు కంపు

మా మరిది ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి బెంగాలీ పిల్లని పెళ్లి చేసుకుని, తొంభైల్లో ఒక ఎండాకాలం పటమటలో మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆ పెళ్లికి మా అత్తగారు వెళ్లలేదు. ఇంటికొచ్చిన కోడలితో మాట్లాడనూ లేదు. ఎదురుగా కూర్చున్నా సరే, "ఆ పిల్లని కాఫీ తాగమనవే" అని నాతో చెప్పించేవారు.

ఆ పిల్లేమో అత్తగారితో మాట్లాడాలనే తెలుగు నేర్చుకుని వచ్చింది. అయితే మనుషుల దగ్గర కాదు, ఏవో పాత పుస్తకాల్లో. వస్తూనే, "అక్కా, దాహమగుచున్నది, జలము దయచేయుడు" అంది నాతో.

"ఏమే, హరికథలు చెప్పేవాళ్ల పిల్లా?" అన్నారు అత్తగారు, నా వైపు తిరిగి.

మర్నాడు పాలవాడు రాగానే "క్షీరము వచ్చినది!" అని కేకేసింది. క్షీరమ్మ ఎవరో మా చుట్టమనుకుని పక్కింటావిడ చూడ్డానికొచ్చింది.

ఆదివారం అత్తగారు మామిడికాయ వేసి కొర్రమీను పులుసు పెట్టారు. ఆ పులుసు దగ్గరికి నన్ను కూడా రానిచ్చేవారు కాదు. అందరం కూర్చున్నాం. కొత్త కోడలు కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి, మనసులో కూర్చుకున్న మాట పైకి అనేసింది.

"అత్తగారూ, మీ పులుసు కంపు ఇల్లంతయు నిండినది!"

గరిటె ఆగిపోయింది.

"విన్నావటే? నా పులుసు కంపంట!"

పొగడ్త చాల్లేదనుకుందో ఏమో, "మిక్కిలి కంపు!" అంది ఆ పిల్ల.

మా మరిదికి పొలమారింది. "తిట్టలేదమ్మా! పాత పుస్తకాల్లో కంపంటే మంచి వాసనేనంట."

"రాసినోడికి పడిశం పట్టిందేమో కనుక్కున్నావట్రా?"

మరిది పెళ్లాం చెవిలో ఏదో చెప్పాడు. పాపం, ఆ పిల్ల మొహం పాలిపోయింది. తల వంచుకుని పులుసంతా ఊడ్చేసి, ఖాళీ కంచం ముందుకు జరిపింది.

"ఇంకొంచెం" అంది, భయంభయంగా. అది పుస్తకంలోది కాదు, మా పిల్లల దగ్గర పట్టుకున్న మాట.

అత్తగారు గిన్నెలో గరిటె తిప్పి, ఎప్పుడూ తనకే ఉంచుకునే తలకాయ ముక్క తీసి ఆ కంచంలో వేశారు.

"ముళ్లుంటాయి, చూసుకుని తినమ్మా."

నాతో కాదు, ఆ పిల్లతోనే అన్నారు.

తర్వాత వాళ్లు ఎప్పుడొచ్చినా పులుసు తప్పేది కాదు. వడ్డించి, అత్తగారు ఎదురుగా చతికిలబడేవారు.

"ఏమే, కంపు కుదిరిందా?"

"మిక్కిలి, అత్తయ్యా!"