మంచం దిగిన శారదాంబ

చీకటి పడితే మిరియం గొంతు మారిపోయేది. పగలంతా అరుగు మీది ఎండతో పాటు కొంచెం కొంచెంగా జరిగి, ఎండ పోయిన చోట నల్లటి ముద్దలా మిగిలిపోయే ముసలి పిల్లి అది. ఊరు సద్దుమణగగానే లేచి గదులన్నీ తిరిగేది. వంటింటి గడప దగ్గర కాసేపు, బియ్యం డబ్బా పక్కన కాసేపు నిలబడి, చివరికి శారదాంబ మంచం దగ్గర కూర్చుని, ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నట్టు సాగదీసి అరిచేది.

ఆ మంచానికి ఓ కథ ఉంది. శారదాంబ భర్త పోయేనాటికి ఆవిడకి నిండా పాతికేళ్ళు లేవు. మొగుడు పోయినదానికి మంచమేమిటని అత్తగారు నేల మీద చాప పరిచి చూపించింది. శారదాంబ ఎదురు చెప్పలేదు. ట్రైనింగు పూర్తి చేసి, నర్సీపట్నంలో పంతులమ్మగా చేరి, మొదటి జీతంతో నవారు మంచం కొని, పట్టపగలు బజారంతా చూస్తుండగా ఇంటికి తెచ్చుకుంది. ఆనాటి నుంచి కార్తీకమాసంలో కూడా ఆవిడ నేల మీద పడుకోలేదు. తర్వాతెప్పుడో మిరియపు గింజలా దొర్లుకుంటూ వచ్చిన పిల్లిపిల్ల, ఆ మంచం మీదే ఆవిడ కాళ్ళ దగ్గర పెరిగి పెద్దదైంది.

ఇప్పుడు పంతొమ్మిది వందల ఎనభై మూడో సంవత్సరం. శారదాంబ రిటైరైంది. మిరియానికి చెవుడు వచ్చింది.

పక్కవాటాలో ఉండే రామాయమ్మ ఓ పొద్దున్న గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పంతులమ్మగారండీ, రాత్రి మళ్ళీ ఏడిసిందండి మీ పిల్లి."

"ముసలిదైపోయిందే. చెవులు కూడా వినపడవు దానికి."

"దానికి ఇనబడదు, మాకు ఇనబడతాది కదండీ! మా రాజులమ్మ పురిటికొచ్చింది. నెలలు నిండిన పిల్ల. పిల్లి ఏడుపు కీడని రాత్రంతా కూకుని ఒకటే ఒణుకు." రామాయమ్మ గొంతు తగ్గించింది. "ఆదివారం మా సినబాబు లారీ కొయ్యూరు ఎల్తాది. గోనెలో ఏసుకెళ్ళి అడివిలో ఒగ్గేస్తాడు. దాని బతుకు అది సూసుకుంతాది."

"పళ్ళు లేవే దానికి. పెరుగన్నం మెత్తగా పిసికితే గానీ తినదు. అడవిలో ఎవరు పిసుకుతారు?"

"నాకు మాత్రం సరదాయేటండీ?" అంటూ కళ్ళు తుడుచుకుంది రామాయమ్మ. గోడ ఒక్కటే, కానీ దానికి అటూ ఇటూ రెండు భయాలు.

శారదాంబ చేయగలిగినవన్నీ చేసింది. సాయంత్రం కడుపునిండా పెట్టింది. చీరపేలిక లాగుతూ ఆడించింది. వంటింట్లో పెట్టి తలుపేస్తే మరీ గట్టిగా ఏడ్చింది. శనివారం రాత్రి ఇక పడుకోకుండా, అదేం చేస్తుందో చూస్తూ కూర్చుంది.

మిరియం నీళ్ళు తాగి వచ్చింది. ముందు కాళ్ళు మంచం కోడుకి ఆనించింది. వెనక కాళ్ళు కూడదీసుకుంది. ఒళ్ళంతా వణికింది. ఎగరలేదు. అప్పుడు అరిచింది. శారదాంబ ఎత్తి పైన పెడితే చటుక్కున ముడుచుకుని గురకపెట్టింది. కాసేపటికి దాహమై దిగింది, మళ్ళీ అదే. ఎక్కలేకపోవడం దాని కష్టం. మంచం ఎత్తు పెరగలేదు, వయసే పెరిగింది.

శారదాంబ చాప తెచ్చింది గానీ, దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. పరవమని ఇప్పుడు చెప్పేవాళ్ళెవరూ లేరు. అందుకేనేమో, నెమ్మదిగా పరిచి, దిండు కిందికి దించుకుంది. మిరియం వాసన చూసుకుంటూ వచ్చి ఆవిడ పొట్టకి ఆనుకుంది. వర్షానికి ముందు దూరంగా ఉరిమినట్టు, దాని గురక ఆవిడ పక్కటెముకల్లోకి ఇంకింది. ఆ రాత్రి రెండు వాటాల్లోనూ చప్పుడు లేదు.

పొద్దున్నే రామాయమ్మ పరుగెత్తుకొచ్చింది. వెనక గోనెతో చినబాబు.

"సప్పుడు నేదేటండీ? పిల్లి పోయిందేటి?"

"అది పోలేదు. నేనే పోయేలా ఉన్నాను. మోకాళ్ళు పట్టేశాయి, ముందు నన్ను లేపవే!"

రామాయమ్మ మంచం వైపు, చాప వైపు మార్చి మార్చి చూసింది. ఒక్కసారిగా చేతులు జోడించింది.

"మా రాజులమ్మ పురుడు కోసం నోము పట్టీసారేటండీ? ఎన్నడూ మంచం దిగని మనిసి!"

కాదు అనబోయింది శారదాంబ. గుమ్మంలో రాజులమ్మ పొట్ట మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. ఎన్నాళ్ళకో నిద్రపోయిన మొహం, ఇంకా దిండు ముడతలతోనే ఉంది.

"ఎవరి కోసమైతేనేం, అందరం నిద్రపోయాం కదా" అంది.

చినబాబు గోనె చంకలో పెట్టుకుని లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు. రామాయమ్మ కూర్చుని, ఆవిడ చేతుల్ని తన మెడ చుట్టూ వేసుకుంది.

"నోము ఎన్నాళ్ళండి?"

శారదాంబ పిల్లి వైపు చూసింది. దాని పక్కలు సన్నగా లేస్తూ, పడుతూ ఉన్నాయి.

"దానికెన్నాళ్ళో అన్నాళ్ళు."

"అయితే రోజూ పొద్దున్నే నానొచ్చి లేపుతాను. ఊఁ, గట్టిగా పట్టుకోండి."