సముద్రానికి గూటాలు కొట్టిన రోజు

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి కారణం చిన్నది. నాకు రాయడం వచ్చేది కాదు. అక్షరాలు నేర్చుకునేసరికి యాభై దాటాయి. అప్పటికి నా వేళ్ళు కొడవలి పిడికి తప్ప దేనికీ వంగమని మొండికేశాయి. అందాకా నోటితోనే చెబుతూ వచ్చాను. నోటితో చెప్పినప్పుడల్లా కథలో నేను కాస్త తెలివైనదాన్ని అయిపోయేదాన్ని. ఇప్పుడు కాగితం మీద పెడుతుంటే ఆ తెలివి ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోంది.

ఆ రోజుల్లో మా కొండల్లో నాకొక పేరుండేది. గెడ్డ, అంటే కొండవాగు, నీటిని మెట్ల మడుల్లోకి మళ్ళించాలంటే నన్నే పిలిచేవారు. నా పనిముట్టు వెదురు దోనె. బారెడు పొడవున్న లావుపాటి వెదురును నిలువునా చీల్చి, రెండు కొసల కణుపులూ ఉంచి, మధ్య కణుపులు కొట్టేస్తే దోనె అవుతుంది. దాని నిండా నీళ్ళు పోసి, అటొకటీ ఇటొకటీ గూటాలు పాతి, వాటి తలలు నీటికి జానెడు ఎత్తున ఉండేలా కొట్టాలి. ఒక కన్ను మూసి ఆ తలల మీదుగా చూస్తే ఎదర నేల ఎత్తో పల్లమో తెలిసిపోతుంది. నేను దోనె పెట్టానంటే పిల్లలు మాట్లాడకూడదు, పెద్దలు దగ్గకూడదు. నీటికి చప్పుడు పడదని చెప్పేదాన్ని. పడనిది నాకు.

నా పెనిమిటి పోయాక ఇంట్లో నేనూ, కడసారి పుట్టిన నా కూతురు గుంటా మిగిలాం. దానికి పదేళ్ళు. మా ఊరికి కొత్తగా బడి వచ్చింది, మైదానం నుంచి ఒక పంతులు వచ్చాడు. గుంట పలక పట్టుకుని రోజూ పోయేది. ఈలోగా సామ చేను కంకి పట్టింది. చిలకలు గుంపులుగా వాలుతున్నాయి. వాటిని తోలడానికి నాకు గుంట కావాలి, బడి మాన్పించడానికి ఒక సాకు కావాలి. ఆ సాకు గుంటే తెచ్చి ఇచ్చింది.

"అమా, భూమి గుండ్రంగా ఉంటాదట."

"ఎవులు సెప్పినారే?"

"పంతులు."

వారపు సంతలో ఉప్పు కొట్టు ముందు ఆయన దొరికాడు. ఆ కొట్టు సావుకారు కూడా మైదానం మనిషే.

"ఏటి పంతులూ, గుంటలకి అబద్దాలు నేర్పుతున్నావట? ముప్పై ఏళ్ళబట్టి నీళ్ళు కొలుత్తన్నాను. నీరు ఎక్కడా వంగలేదు," అన్నాను, సంతంతా వినేలా.

"వంగుతుందమ్మా, నీ దోనెలో కనపడనంత కొంచెం," అన్నాడాయన నెమ్మదిగా. "మైలు దూరానికి ఎనిమిది అంగుళాలు. రెండు మైళ్ళకు ముప్పై రెండు."

"ఎనిమిదీ ఎనిమిదీ పదహారు! కూడటం రానోడి కాడికా నా గుంటని పంపుతున్నాను?"

సావుకారు ఉప్పు కొలిచే కుంచం పక్కన పెట్టి మరీ నవ్వాడు. పంతులు మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు.

"మడి పొడవు రెండింతలు, వెడల్పు రెండింతలు చేస్తే విత్తనం ఎన్నింతలు పడుతుంది?"

"నాలుగింతలు."

"ఇదీ అంతే. దూరం రెండింతలైతే వంపు నాలుగింతలు."

నాకు అర్థమైంది. అర్థమైందని ఒప్పుకుంటే గుంట చేలోకి రాదు. "ఇత్తనాల ఊసు నాకెందుకు? కంటికి సూపించు. సూపిస్తే నువ్వు సాలన్నదాకా గుంట బడికొస్తాది. సూపించలేకపోతే రేపట్నించి సేలోకొస్తాది, మళ్ళీ నీ గుమ్మం తొక్కదు."

గుంట నా వెనకే ఉంది, పలకను గుండెకు ఆనించుకుని. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

పంతులు ఊరి పైనున్న పెద్ద కొండ చూపించాడు. వాన వెలిసిన పొద్దున దాని మీంచి సముద్రం కనిపిస్తుంది. సముద్రం చదునైతే, దూరం పోయేకొద్దీ కంటికి పైకి లేస్తూ, చివరి అంచు నా గూటాల తలల వరసకు వచ్చేయాలి. వంపు ఉంటే అంతదాకా రాలేదు, కిందే ఆగిపోతుంది. పొడుగు మడికి అవతలి గట్టు కళ్ళకు లేచినట్టు కనపడటం నాకు తెలిసిందే కాబట్టి సరేనన్నాను. ఆయన సర్వేవాళ్ళు కట్టిన కొండ ఎత్తుతో పలక మీద లెక్క వేశాడు. "నీ బారెడు దోనె మీద అంచు అంగుళంపావు కిందకి కనిపించాలి."

రెండు రోజులకు వాన వెలిసింది. పంతులూ, సావుకారూ, గుంటా, నేనూ కొండెక్కాం. సావుకారు దారిలో మూడుసార్లు కూలబడి, "భూమి ఏ రూపమైనా నాకు ఒకటేనమ్మా, ఈ కొండ మాత్రం నిలువుగా ఉన్నాది," అన్నాడు. పైన దోనె పెట్టాను, నీళ్ళు పోశాను. అందరూ నోరు మూశారు. గూటాలు కొట్టాను, సముద్రం వైపు దానికి ఇంకో రెండు దెబ్బలు వేసి, కన్ను మూసి చూశాను. బూడిదరంగు అంచు గూటాల తలలకు అతికినట్టుంది.

"సూసుకో పంతులూ!"

సావుకారు చూసి ఔనన్నాడు. పంతులు మూడుసార్లు చూశాడు. కూర్చుని లెక్క చెరిపి మళ్ళీ వేశాడు, మళ్ళీ అదే వచ్చింది. "నీ దోనె తప్పదని అందరూ చెబుతారమ్మా. నా లెక్కలోనే ఎక్కడో పొరపాటు ఉండి ఉంటుంది," అన్నాడు. గుంట తన పలకను ఆయన చేతిలో పెట్టింది. ఏడవలేదు.

దోనె నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు దిగాను. దారిలో ఎదురైన వాళ్ళందరికీ భూమి చదునని చెప్పాను. వాళ్ళలో ఒక్కరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే కింది మడికి కాలువ తీయవలసి వచ్చింది. దోనె పెట్టాను, గూటాలు కొట్టాను. మడి వైపు గూటానికి ఇంకో రెండు దెబ్బలు వేసి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయాను.

కాలువ తీసేటప్పుడు నీరు పోవలసిన వైపు గూటం రెండు వేళ్ళు దింపాలి, లేకపోతే నీరు కదలదు. మా అమ్మ నేర్పిన పద్ధతి. ముప్పై ఏళ్ళలో అది నా బుర్రలోంచి చేతిలోకి దిగిపోయింది. గూటం పక్కన వేళ్ళు ఆనించి చూసుకున్నాను. రెండు వేళ్ళు. అంటే అంగుళంపావు. కొండ మీద నేను భూమిని కొలవలేదు, సముద్రానికి కాలువ తీశాను.

గుంట చేలో చిలకల్ని తోలుతోంది. పిలిచాను.

"పొద్దున కొండ మీద గూటం దిగ్గొట్టడం సూసినావేటే?"

"సూసినాను."

"మరెందుకు సెప్పలేదు?"

"దోనె పెట్టినప్పుడు మాటాడకూడదని నువ్వే కదా అన్నావు."

ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. అది ఎవరికీ చెప్పదు, దాన్ని అలా పెంచింది నేనే. చెబితే నన్ను నీళ్ళకు పిలిచేదెవరు? చేను కాసేదెవరు? అంబలి తాగినంతసేపూ నా తరఫున నేనే బాగా వాదించుకున్నాను. గుంట ఖాళీ ఒడిలో వేలితో ఏదో రాసుకుంటోంది.

మర్నాడు తెల్లారగానే దోనె భుజాన వేసుకుని, గుంటని వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. పంతులు వాకిట్లో ముఖం కడుక్కుంటున్నాడు.

"బాబూ, నీ లెక్క సరైనదే. నా సెయ్యి తప్పు. దీని పలక దీనికి ఇచ్చీ, బేగి బయల్దేరు, ఎండెక్కితే అంచు కనపడదు."

దారిలో సావుకారునీ లేపాను, ఓడిపోవడానికి కూడా సాక్షి ఉండాలి కదా. కొండపైన గూటాలు రెండూ గుంట చేతే కొట్టించాను. నేను దూరంగా నిలబడి, దగ్గు వస్తున్నా ఆపుకున్నాను.