మూడో వరుస దాటిన మైకు

ఆ కాలేజీ పెద్ద హాలుకు ఇరవై ఏడేళ్ల పాటు ఆయనే దిక్కు. కాగితం మీద ఉద్యోగం అటెండరు. చేసేది మాత్రం మైకులు, స్పీకర్లు, లైట్లు, తెర, ఆరు వందల కుర్చీలు. పిల్లలు మైకు మావయ్య అనేవాళ్లు. చదివింది ఊరి బడిలో ఎనిమిదో తరగతి. అయితేనేం, ఆయన చేతిలో ఒక్క సభలోనూ మైకు కీచుమన్నది లేదు. ఒకసారి వానకు పైకప్పు కారి పెద్ద స్పీకరు తడిసి ముద్దయితే, అక్కడికక్కడే విప్పి, తుడిచి, ఆరబెట్టి ముప్పావు గంటలో పలికించాడు. ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే మేస్టార్లు నలుగురు చుట్టూ నిలబడి నోరు తెరుచుకుని చూశారు. ముగ్గురు ప్రిన్సిపాళ్లు రిటైరవుతూ వీడ్కోలు సభలో ఆయన్ని వేదిక మీదకు పిలిచి మరీ చెయ్యి కలిపారు. ఇవన్నీ రికార్డులో ఉన్నవే, కల్పించి చెప్పేవి కావు.

ఉద్యోగాల సీజను వస్తే కంపెనీలు వరసకట్టేవి. పరీక్షలు, ఇంటర్వ్యూలు మొదలవడానికి ముందు రోజు ప్రతి కంపెనీ ఆ హాల్లో తన గొప్ప తాను గంటసేపు చెప్పుకోవాలి. మావయ్య అలాంటివి మూడు వందలకు పైగా విన్నాడు.

"ఏ కంపెనీ అయినా ఒకటేనర్రా," అనేవాడు పిల్లలతో. "మొదటి పావుగంట ఎన్ని దేశాల్లో ఉన్నారో చెబుతారు. తర్వాతి పావుగంట ఆఫీసులో ఉయ్యాల కుర్చీలు చూపిస్తారు. చేయాల్సిన పనేమిటో చెప్పేసరికి టైమైపోతుంది."

చివర్లో ప్రశ్నలకు కాస్త సమయం ఉండేది. ఆ ప్రశ్నలు ముందే కుదిరి ఉండేవి. పిల్లల ఉద్యోగాల వ్యవహారం చూసే ప్లేస్‌మెంటు సారు ముగ్గురు పిల్లల్ని ఎంచి, ఏం అడగాలో చీటీల మీద రాసిచ్చి, మూడో వరుస కుడివైపు చివర కూర్చోబెట్టేవాడు. తీగలేని మైకు పట్టుకుని వాళ్ల దగ్గరకు నడిచేది మావయ్య. వెనక ఎన్ని చేతులు లేచినా ఆ మైకు మూడో వరుస దాటేది కాదు. అందులో మోసం ఉందని ఆయనకు తోచలేదు. ఊరు కాని ఊరొచ్చినవాళ్లను ఇరుకున పెట్టకపోవడం మర్యాద అనుకున్నాడు.

మూడు వందల ఉపన్యాసాలు విన్నవాడికి ఏ కంపెనీ గట్టిదో వినగానే తెలిసిపోతుందని ఆయన గట్టి నమ్మకం. తడుముకోకుండా మాట్లాడేవాళ్ల దగ్గర సత్తా ఉంటుందని, మైకు చూసి బెదిరేవాళ్ల దగ్గర ఏమీ ఉండదని ఆయన లెక్క. నిరుడు తన కూతురు అదే కాలేజీలో ఆఖరి సంవత్సరంలో ఉండగా ఒకే వారంలో రెండు కంపెనీలు వచ్చాయి. ఒకదాని తరఫున వచ్చిన పెద్దమనిషి మాటకో దగ్గు దగ్గాడు, బొమ్మలు చూపించబోయి కంప్యూటరుతో కుస్తీ పట్టాడు. రెండోది నారింజ రంగు టీషర్టుల కంపెనీ. పాటలు, క్విజ్, బహుమతులు, గుక్క తిప్పుకోని మాటలు. ఆ కాలేజీలో ఒకరికి ఒకటే ఉద్యోగం అని రూలు. ఒక చోట ఎంపికైతే ఇంకో కంపెనీ గడప తొక్కకూడదు.

"ఆ దగ్గులాయన మాటేమిటమ్మా, మైకే సరిగ్గా పట్టుకోలేడు," అన్నాడు కూతురితో. "నారింజ రంగు వాళ్లకే రాయి. నా మాట విను."

విన్నది. ఎంపికైంది. ఆమెతో పాటు ఇంకో నలభై ఒక్కమంది. కాలేజీ మెట్ల మీద అందరికీ టీషర్టులు తొడిగి ఫొటో తీశారు. ఆ తర్వాత, ఫలానా రోజు వచ్చి చేరమనే ఉత్తరం కోసం చూడటం మొదలైంది. మూడు నెలలన్నారు. ఆరన్నారు. ఏడాది తిరిగింది. ఆ అమ్మాయి పొద్దున లేస్తూనే ఫోను చూసుకుని, బోర్లా పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్లేది. తండ్రిని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు ముద్ద దిగనిచ్చేది కాదు.

ఈ ఏడాది అదే కంపెనీ మళ్లీ వచ్చింది. ఆ ఉదయం హాల్లో ప్లేస్‌మెంటు సారు ఆయన్ని పక్కకు పిలిచాడు.

"పెద్దాయనా, ఎప్పట్లాగే. నీలం చొక్కా, కళ్లజోడు, పొడుగు జడ. ముగ్గురే."

"సరే సార్."

"మీ అమ్మాయికి లెటరు వచ్చిందా?"

"ఇంకా లేదు సార్."

"వస్తుందిలెండి, పెద్ద కంపెనీ."

"దసరా ముందూ ఇదే..." అనబోయి ఆగి, "రెండు నెలల కిందటా ఇదే అన్నారు సార్," అన్నాడు. సారు విననట్టే గడియారం చూసుకున్నాడు.

హాలు నిండింది. "ఉద్యోగం సంగతి తర్వాతరా, టీషర్టు పెద్ద సైజుందేమో అడుగు," అంటున్నాడొకడు. "నీ పొట్టకు తెర చుట్టుకోవాల్సిందే," అంటోంది పక్కనున్న పిల్ల. కంపెనీ మేడం వేదికెక్కింది. పాతికేళ్లు దాటి ఎక్కువ ఉండవు. "మాది కంపెనీ కాదు, కుటుంబం," అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మావయ్య లైట్లు ఆర్పి వీడియో నొక్కాడు.

వీడియో చివర తెర నిండా ఒక ఫొటో నిలిచింది. కాలేజీ మెట్లు, నారింజ రంగు టీషర్టులు. ఎడమ నుంచి రెండో అమ్మాయి ఆయన కూతురు. పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది.

"పోయిన ఏడాది ఇక్కడి నుంచి నలభై రెండు మంది మా కుటుంబంలోకి వచ్చారు!" అంది మేడం.

మావయ్య లైట్లు వేయడం ఒక్క క్షణం మరిచిపోయాడు.

ప్రశ్నల వేళయింది. నీలం చొక్కావాడు జీవితంలో పైకి రావాలంటే ఏం చేయాలని అడిగాడు. కళ్లజోడు పిల్ల ఆఫీసులో ఆటలున్నాయా అని అడిగింది. పొడుగు జడ అమ్మాయి చీటీ మడతపెట్టుకుని లేవబోతోంది. చిట్టచివరి వరుసలో ఒక అమ్మాయి చెయ్యి లేచి ఉంది. ఫొటో తెర మీదకు వచ్చినప్పుడు ఎత్తిన చెయ్యి, ఇంకా దించలేదు. మావయ్య మూడో వరుస దగ్గర ఆగాడు. తర్వాత నడిచాడు. హాలు మధ్య దారిలో ఆయన చెప్పుల చప్పుడు అందరికీ వినిపించింది. చివరి దాకా వెళ్లి ఆ అమ్మాయికి మైకు అందించాడు.

"మేడమ్, ఆ ఫొటోలో నలభై రెండు మందిలో ఇవాళ మీ ఆఫీసులో పని చేస్తున్నవాళ్లెంతమంది?"

"మంచి ప్రశ్న. ప్రాజెక్టుల అవసరాన్ని బట్టి దశలవారీగా..."

"అంకె చెప్పండి మేడమ్."

ప్లేస్‌మెంటు సారు గోడ పక్క నుంచి, మైకు కట్టెయ్యమని చేత్తో సైగ చేశాడు. మావయ్య చూశాడు. చూసి, ఆ అమ్మాయి పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మేడం చేతిలో కాగితం చూసింది, కంప్యూటరు చూసింది. తెర మీది ఫొటో కూడా చూసింది. అప్పటిదాకా గలగలా మాట్లాడిన గొంతు సన్నబడింది.

"తొమ్మిది," అంది.

సాయంత్రానికి బల్ల మీది రెండొందల దరఖాస్తుల్లో ముప్పై నాలుగే నిండాయి. మిగతా పిల్లలు రాబోయే కంపెనీల కోసం ఆగారు.

"ఇంకో నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషి, ఇప్పుడా మీకు బుద్ధి పెడదారి పట్టాలి?" అన్నాడు సారు, గదిలో తలుపు వేసి. "వచ్చే ఏడు వాళ్లు రామంటే మిగతా పిల్లలకు ఎవరు జవాబు చెబుతారు?"

"చెయ్యి కనపడింది సార్. ఇచ్చాను."

"ఇన్నేళ్లూ కనపడలేదా?"

"కనపడింది సార్. ఇవ్వలేదు."

మెమో ఇచ్చారు. ఆయన సర్వీసులో అదే మొదటిది, చివరిది. హాలు తాళాలు తీసేసుకుని ఆయన్ని పాత కాగితాల గదికి మార్చారు. ఇరవై అడుగుల తెరను ఒంటిచేత్తో బిగించిన మనిషి మిగిలిన నాలుగు నెలలూ దస్త్రాలకు దారం కట్టాడు. ఎవరి దగ్గరా వాపోలేదు.

చివరి వరుసకు మైకు ఇచ్చిన రోజు సాయంత్రమే, ఆయన ఇంటికి వెళ్లేసరికి కూతురికి సంగతి చేరిపోయింది. కంప్యూటరు ముందు కూర్చుని ఏదో రాసుకుంటోంది. ఆయన చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"వాళ్లకు రాయమన్నది నేనేనమ్మా. మాట బాగుంటే మనుషులూ బాగుంటారనుకున్నా. ఏడాది పోయింది నీకు. తప్పు నాది."

ఆ మాట ఆయన నోట ఎన్నడూ వినని భార్య వంటింట్లోంచి బయటకు వచ్చి చూసింది.

"తెలుసు నాన్నా," అంది కూతురు, తల తిప్పకుండా. "నువ్వంటావేమోనని చూశా. ఏడాదిగా చూశా."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆ అమ్మాయి ఇటు తిరిగింది.

"రెండు చిన్న ఆఫీసులకు రాశాను. రేపు పొద్దున ఒకచోటికి రమ్మన్నారు."

"తోడు రానా?"

"వద్దు. నేనే వెళ్లి నేనే అడిగి తెలుసుకుంటా." కంప్యూటరు మూసి లేచింది. "బస్సెక్కేదాకా రా, చాలు."