టీచరమ్మ సిక్ లీవు

నలభై దగ్గర పడుతుండగా బడిలో సైన్సు టీచరు ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరిన మనిషిని ఏమని పిలవాలో తెలియక ల్యాబులోని కుర్రకారు మొదట్లో నీళ్లు నమిలారు. అక్కా అందామంటే చనువు తీసుకున్నట్టు ఉంటుంది. మేడమ్ అందామంటే ఆవిడా తమలాంటి విద్యార్థే. చివరికి ఎవరో టీచరమ్మా అన్నారు. ఆ పిలుపుకి ఏళ్ల తరబడి పలికిన మనిషి కనుక ఆవిడ తల తిప్పి చూసింది. అదే ఖాయమైపోయింది.

ఆవిడ పరిశోధన రాతిపువ్వుల మీద. పాత గోడలకీ వంతెనల పిట్టగోడలకీ బూడిదరంగు మరకల్లా అంటుకుని కనిపిస్తాయే, అవి. చూసేవాళ్లకి ఎండిపోయిన పాచి. ఆవిడకి మాత్రం గాలి ఎంత శుభ్రంగా ఉందో చెప్పే సాక్షులు. అవి పెరిగే వేగం చూస్తే నత్తలు కూడా నవ్వుకుంటాయి. నెలకోసారి టీచరమ్మ బస్సులు తిరిగే వీధుల్లోనూ తిరగని వీధుల్లోనూ తాను ఎంచుకున్న రాళ్ల దగ్గరికి వెళ్లి, పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, సన్నపెన్నుతో ప్రతి మరక అంచూ గీసుకుని వచ్చేది. ఒక్క నెల తప్పితే వరుసలో పన్ను ఊడినట్టు ఖాళీ.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. "అంటే నా బస్సు పొగ మీద నువ్వు డాక్టరేట్ తెచ్చుకుంటున్నావన్నమాట. అందులో సగం నాదే," అనేవాడు.

ఇంటి కింది భాగంలో ఆయన అక్కగారి టైలరింగ్ షాపు. తల్లి పోయాక తమ్ముణ్ణి తన చేతుల మీద పెంచింది ఆవిడే. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, కుట్టాల్సిన బట్టలు చాలా ఉండిపోయాయి అనేది. చేతిలో కత్తెరకన్నా నోరు పదును. టీచరమ్మ భుజాన సంచీ వేసుకుని మెట్లు దిగుతుంటే మిషను ఆపి మరీ పలకరించేది.

"ఏం మరదలా, ఇవాళ ఏ గోడ?"

"వంతెన దగ్గరది, వదినా."

"మా ఇంటి గోడకి పాచి పడితే నేను చీపురు పెట్టి తోముతాను. నీకేమో ఎదురు డబ్బులిచ్చి చూడమంటున్నారు. మంచి కాలం వచ్చింది."

టీచరమ్మ నవ్వి ఊరుకునేది. ఆడపడుచుతో మాటకు మాట పెట్టుకుని నెగ్గినవాళ్లు ఆ వీధిలో లేరు.

ఆ ఎదురు డబ్బులే స్కాలర్‌షిప్. దాన్ని ఇచ్చే ఆఫీసువాళ్లు చేరిన రోజునే ఒక నియమాల పుస్తకం చేతిలో పెట్టారు. కుర్రవాళ్లు దాన్ని ఊగే బల్ల కాలి కింద పెట్టుకున్నారు. టీచరమ్మ మాత్రం పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివింది. ఎన్ని తరగతుల నోటీసులు చదివిన కళ్లు! వేరే పూర్తి ఉద్యోగం చేయకూడదు. గైడు ఒప్పుకుంటే వారానికి కొన్ని గంటలు పాఠాలు చెప్పుకోవచ్చు. ఏడాదికోసారి పని ఎంతవరకు వచ్చిందో రిపోర్టు ఇవ్వాలి. ఏటా సెలవులుంటాయి. జబ్బు చేస్తే డాక్టరు సర్టిఫికెట్ చూపించి సెలవు తీసుకోవచ్చు, స్టైపెండ్ ఆగదు. పురిటికీ అంతే. ఇంకే సొంత కారణమైనా పరిశోధనకి విరామం ఇస్తారు కానీ ఆ విరామంలో స్టైపెండ్ రాదు. గడువు మాత్రం అన్నాళ్లూ ముందుకు జరుగుతుంది.

రెండో ఏడు నడుస్తుండగా ఆడపడుచు కాళ్లు వాచాయి. రోజంతా మిషను తొక్కడం వల్లేనని ఆవిడ చాలాకాలం కొట్టిపారేసింది. ఒకరోజు కొలతలు తీసుకుంటూ తీసుకుంటూ టేపు మెళ్లో వేసుకున్నదల్లా అలాగే కుర్చీలో కూలబడింది. ఆసుపత్రిలో చూసి రెండు కిడ్నీలూ దాదాపు పని మానేశాయన్నారు. అప్పట్నుంచి రోజు మార్చి రోజు డయాలసిస్. మిషను మీద గుడ్డ కప్పేశారు. ఆ చప్పుడు లేని ఇంట్లో టీచరమ్మకి ఎందుకో చదువు సాగేది కాదు.

ఎవరైనా కిడ్నీ ఇస్తే మంచిదని డాక్టర్లు చెప్పారు. తమ్ముడు నేనిస్తానంటూ ముందుకొచ్చాడు కానీ ఆయనకి షుగరు. ఆసుపత్రివాళ్లు ససేమిరా అన్నారు. ఆ రోజు బయట బెంచీ మీద కూర్చుని ఆ మనిషి చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. టీచరమ్మ అతని పక్కనుంచి లేచి లోపలికి వెళ్లి, "నాకూ ఆ పరీక్షలు చేయండి," అంది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. తర్వాత భర్త అడిగితే, "సరిపోదులే అనుకున్నాను," అంది. సరిపోయింది.

అక్కడితో డాక్టర్ల సందేహాలు తీరాయి, స్కాలర్‌షిప్ ఆఫీసు సందేహాలు మొదలయ్యాయి.

అక్కడి అధికారి గట్టిగా మాట్లాడడం ఎరగని, మెత్తటి మనిషి. టీచరమ్మ చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"మీకిప్పుడు జబ్బేమైనా ఉందా అండీ?"

"లేదండీ. పూర్తి ఆరోగ్యంగా ఉంటేనే తీసుకుంటారట."

"మరి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి సిక్ లీవు ఎలా ఇవ్వమంటారు?"

"ఆపరేషన్ అయ్యాక ఆరోగ్యంగా ఉండను కదండీ."

"అది మీరు కోరి తెచ్చుకున్న అనారోగ్యం అవుతుందేమో." ఆయన ఇబ్బందిగా కళ్లజోడు తుడుచుకున్నాడు. "నన్ను తప్పుగా అనుకోకండి. మీరు చేస్తున్నది గొప్ప పని. కానీ రేపు ఆడిటువాళ్లు ఇదే ప్రశ్న నన్నడుగుతారు. మీరు సొంత కారణాల కింద విరామం పెట్టుకోండి, వెంటనే ఇచ్చేస్తాను."

విరామమంటే ఆ నెలల్లో స్టైపెండ్ రాదు. షాపు మూతపడ్డ ఇంట్లో, డ్రైవరు సెలవు పెట్టుకుని ఇద్దరు రోగుల్ని చూసుకోవలసిన సమయంలో.

గైడుగారు ఈ సంగతి విని చెయ్యి ఊపేశారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. కాగితాలతో పేచీలంటే ఆయనకి విసుగు. "ఆయన్నెందుకమ్మా అడగడం? ఆపరేషన్ చేయించుకుని వచ్చి సర్టిఫికెట్ పెట్టేయండి. సర్జరీ అని ఉంటుంది. ఏ సర్జరీయో ఎవరు చూస్తారు?"

సలహా మంచిదే. అందులో అబద్ధం కూడా లేదు. కానీ టీచరమ్మ బడిలో ఉన్నన్నాళ్లూ పిల్లల సెలవు చీటీలు చదివిన మనిషి. ఒకడు ఒక్క ఏడాదిలోనే వాళ్ల నాయనమ్మను మూడుసార్లు చంపేశాడు. మూడోసారి ఆవిడే బడికొచ్చి మనవడి మార్కులు అడిగింది. దాపరికంతో తీసుకున్న సెలవు ఎంత సుఖంగా ఉంటుందో ఆ పిల్లవాడి మొహంలో టీచరమ్మ కళ్లారా చూసింది.

"ఉన్నదున్నట్టు రాసే అడుగుతానండీ. లేదంటే లేదంటారు," అంది. అడిగింది కూడా. కమిటీ ముందు పెడతామన్నారు.

ఈ వ్యవహారమంతా ఆడపడుచు చెవిన పడకూడదని మొగుడూ పెళ్లాలు గుసగుసలాడుకున్నారు. ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి. సాయంత్రం మరదల్ని కిందికి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"నీ చదువు ఆపుకుని ఇస్తానంటే నీ కిడ్నీ నాకొద్దు."

"చదువు ఆగదు వదినా. కొన్నాళ్లు స్టైపెండ్ ఆగుతుందేమో, అంతే."

"అది ఆగితే ఇది ఆగదా? పిల్లలకి చెప్పినట్టు నాకు చెప్పకు." ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుంది. ఈమధ్య రెండు మాటలకే ఆయాసం వస్తోంది. "నేను నోటి దురద కొద్దీ ఏదో ఒకటి అంటాను. కానీ షాపుకొచ్చిన ప్రతి మనిషికీ మా మరదలు డాక్టరు అవుతోందని చెప్పుకుంటాను, తెలుసా? ఒకావిడ నిజం డాక్టరనుకుని మోకాలినొప్పి చూపించుకుంటానని పట్టుబట్టింది. నీ కోసం పొద్దు గూకేదాకా కూర్చుని వెళ్లింది."

టీచరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"వాళ్లు స్టైపెండ్ ఇచ్చినా ఇవ్వకపోయినా నేను ఆపరేషన్ బల్ల ఎక్కుతాను. మీరు ఎక్కకపోతే తీసిన కిడ్నీ నా చేతిలో పెట్టి పంపిస్తారు. అప్పుడు దాన్నేం చేసుకోమంటారు?"

ఆడపడుచు మొహం పక్కకి తిప్పుకుంది. మాట దొరక్క ఆవిడ ఊరుకోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, దాని చుట్టూ నలుగురైదుగురు. మధ్యలో డీన్‌గారు. ఆవిడకి మాటలు తక్కువ, వినడం ఎక్కువ. అధికారి తన సందేహాన్ని నెమ్మదిగానే చెప్పాడు. ఈవిడ మీద తనకు గౌరవమే గానీ, ఈ ఆపరేషన్ ఈవిడ ఒంటికి అవసరం లేదు. కోరి చేయించుకుంటున్నది. ఇలాంటి దానికి స్టైపెండుతో సెలవు ఇవ్వవచ్చని నియమాల్లో ఎక్కడా లేదు.

డీన్‌గారు టీచరమ్మ వైపు చూశారు. "మీరేమంటారు?"

టీచరమ్మ తరగతి గదిలో ఎంతమంది ముందైనా మాట్లాడగలదు. పరీక్ష రాసేవైపు నిలబడి చాలా కాలమైంది.

"ఆయన చెప్పింది నిజమేనండీ. నేను కోరి చేయించుకుంటున్నదే. కానీ పురుడు కూడా ఎవరికీ జబ్బు కాదు కదా, కోరి కన్నదే కదా. దానికి స్టైపెండుతో సెలవు రాశారు. ఎందుకు రాశారా అని ఆలోచించాను. ఒంట్లోంచి ఒక ప్రాణాన్ని ఇచ్చిన మనిషి కొన్నాళ్లు లేవలేదని రాసి ఉంటారు. నేను ఇస్తున్నది ప్రాణం కాదు, పిడికెడు కిడ్నీ. కానీ లేవలేకపోవడం అదే కదండీ."

డీన్‌గారు అధికారిని అడిగారు. "ఎవరైనా సరదాకి కొండెక్కి కాలు విరగ్గొట్టుకుంటే మనం ఏమిస్తున్నాం?"

"సిక్ లీవేనండీ."

"కొండ ఎందుకెక్కావని అడుగుతున్నామా?"

"లేదండీ." ఆయన నియమాల పుస్తకం తిప్పి చూసి తనే అన్నాడు. "అయితే ఆపరేషన్ రోజునుంచి సిక్ లీవుగా లెక్కపెట్టవచ్చు. ముందు జరిగే పరీక్షల రోజులు మామూలు సెలవుల్లోంచి తీసుకోవాలి. డాక్టరు లేవవచ్చన్నాక కూడా విశ్రాంతి కావాలంటే అది విరామం కిందికి పోతుంది. అలా అయితే నేను సంతకం పెడతాను. ఇంకెవరైనా ఇలాగే వస్తే మళ్లీ వెతుక్కోకుండా నియమాల్లో ఒక మాట చేర్చుదాం."

ఆ చివరి మాట ఆయన నోటినుంచే వచ్చినందుకు టీచరమ్మ ఆశ్చర్యపోయింది. తాను మంచాన ఉన్న నెలల్లో రాతిపువ్వుల కొలతలు ఎవరు తీయాలన్న సంగతి కూడా ఆవిడ అక్కడే అడిగేసింది. గీతలు మరొకరు గీయవచ్చనీ, లెక్కలు కట్టి రాయడం మాత్రం ఆవిడే చేయాలనీ, సాయం చేసినవాళ్ల పేరు పరిశోధన గ్రంథంలో చెప్పాలనీ డీన్‌గారు అన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అయితే ఎవరూ ముందుగా చెప్పని విచిత్రం ఒకటి ఉంది. పుచ్చుకున్న మనిషి చకచకా కోలుకుంది. ఇచ్చిన మనిషి నీరుగారిపోయింది. రెండు మూడు రోజులకే ఆడపడుచు మొహంలోకి రంగు వచ్చింది. గోడ పట్టుకుని నడుచుకుంటూ మరదలి గదికి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నీ కిడ్నీ వచ్చిన దగ్గర్నుంచి తెల్లారకుండానే మెలకువ వచ్చేస్తోంది. ఇది బడికెళ్లే కిడ్నీ. నాకెలా అలవాటవుతుందో ఏమో."

"మెల్లగా దానికే అలవాటు పోతుందిలే, వదినా," అంది టీచరమ్మ కళ్లు మూసుకునే. ఆడపడుచు చెయ్యి తన నుదుటి మీద చాలాసేపు ఉంది. కత్తెర పట్టి పట్టి బొటనవేలి దగ్గర కాయకట్టిన చెయ్యి.

రాళ్ల దగ్గరికి బస్సు డ్రైవరు వెళ్లాడు. భార్య మంచం మీదనుంచే పాఠం చెప్పి పంపింది. ఆయన ఎంతో భక్తిగా గీతలు గీసి, ఒక్కో రాయికీ ఫోటో కూడా తీసుకొచ్చాడు. గైడుగారు ఆ కాగితం, ఫోటో పక్కపక్కన పెట్టుకుని, ఒక గుండ్రటి మరక దగ్గర ఆగిపోయారు. "ఇది కొత్త జాతిలా ఉందే!" భూతద్దం పెట్టి చూస్తే ఎవరో నమిలి రాతికి అంటించిన బబుల్‌గమ్. అది తీసేస్తే మిగతా గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

టీచరమ్మ అనుకున్నంత తొందరగా లేవలేదు. సిక్ లీవు అయిపోయాక కూడా మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. ఒకనాడు పట్టుదలగా ల్యాబుకి వెళ్లి, మధ్యాహ్నానికి బల్ల మీదే తల వాల్చేసింది. మర్నాడు తనే వెళ్లి విరామానికి అప్లికేషన్ పెట్టింది. స్టైపెండ్ రాని ఆ రోజుల్లో ఆడపడుచు షాపు మళ్లీ తెరిచింది. డాక్టరు కొద్దికొద్దిగా పని చేసుకోవచ్చన్నాడు. ఆవిడకి కొద్దికొద్దిగా చేయడం చేతకాదు కనుక తమ్ముడి చేత రోజూ చీవాట్లు తినేది. గడువు జరిగింది, పని కూడా జరిగింది. పరీక్షకులు ఒక అధ్యాయం తిరగరాయమన్నారు. రాసింది. ఆలస్యంగానే అయినా డాక్టరేట్ వచ్చింది. గ్రంథం మొదట్లో, సాయం చేసినవారి వరుసలో, బస్సు డ్రైవరు ఉన్నాడు. ఆ పేజీని ఆయన డిపోలో చూపించని మనిషి లేడు.

టీచరమ్మ అదే ల్యాబులో పనికి కుదిరాక, ఒకరోజు కెమిస్ట్రీలో చేరిన కొత్త స్కాలరు ఒకమ్మాయి గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్ల నాన్నకి కిడ్నీ ఇవ్వబోతోందట. సెలవు దొరికిందట, నియమాల్లోనే ఉందట.

"ఆఫీసులో ఆయన మిమ్మల్ని అడగమన్నారు మేడమ్. సెలవు గురించి కాదు. నొప్పి ఎలా ఉంటుందో మీకే తెలుస్తుందని."

టీచరమ్మ కుర్చీ లాగి కూర్చోమంది. "నొప్పి ఉంటుందమ్మా, లేదని చెప్పను. దగ్గొస్తే ఒక దిండు పొట్టకి గట్టిగా అదుముకో. తుమ్ముకీ అంతే. నవ్వించేవాళ్లని మాత్రం మొదటి వారం గదిలోకి రానివ్వకు."

"మా నాన్నే నవ్విస్తాడు మేడమ్."

"అయితే రెండు దిండ్లు పట్టుకెళ్లు," అంది టీచరమ్మ, టీ పెట్టడానికి లేస్తూ.