రేపల్లె ప్యాసింజర్‌లో మసకతెర

ఆ రోజుల్లో రేపల్లె ప్యాసింజర్‌లో నెత్తిన తువ్వాలు కప్పుకుని వంగి కూర్చున్నవాడికి జలుబు తప్ప మరో కారణం ఉండేది కాదు. నాకు జలుబు లేదు. తువ్వాలు కింద, నా ఒళ్లో, మా పత్రికాఫీసువారి ల్యాప్‌టాప్ ఉంది. దాని తెర అమావాస్యనాటి చెరువులా ఉంది. అక్షరాలున్నాయని నమ్మితే కనిపిస్తాయి, నమ్మకపోతే లేదు. ఎదురు సీట్లో మా పత్రిక తెనాలి ఇన్‌ఛార్జి గారు చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నారు. రేపల్లె చేరేలోగా ఒక వార్త పూర్తిగా కొట్టి చూపిస్తే ఆ ల్యాప్‌టాప్ నాకు, లేకపోతే బాపట్లకు. రైలు వేమూరు దాటిందో లేదో, పక్కనుంచి ఒక చెయ్యి తువ్వాలులోకి దూరి నా నుదుటిమీద ఘాటైన బామ్ దట్టంగా పట్టించింది. అందులో సగం చెమటతో కలిసి కళ్లలోకి దిగింది.

వ్యవహారం అంతదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. నేనప్పుడు రేపల్లె విలేకరిని. కాగితాలమీద వార్తలు రాసి, కవర్లో పెట్టి, రైల్లో తెనాలి పంపేవాణ్ణి. ఒక్క వార్తకు నాలుగు కాగితాలు చింపందే నాకు తోచేది కాదు. మొదటి వాక్యం రాయడం, కొట్టేయడం, లేచి వీధి చివరిదాకా నడవడం, వచ్చి కొట్టేసిన వాక్యమే మళ్లీ రాయడం. ఇన్‌ఛార్జి గారు నన్ను ‘కాలుగాలిన పిల్లి’ అనేవారు (ముందు చాటుగా, తర్వాత ఫోన్లోనే). ఆఫీసు మా ప్రాంతానికంతా కలిపి ఒక్క ల్యాప్‌టాప్ ఇచ్చినప్పుడు, దాన్ని బాపట్ల విలేకరికి ఇవ్వాలా నాకివ్వాలా అని ఆలోచించి, పరీక్షగా ముందు నాకిచ్చారు. బాపట్ల విలేకరిని మేమంతా బావ అనేవాళ్లం. చుట్టరికమేమీ లేదు, మాటతీరు అలాంటిది. నేను దాన్ని చంకన పెట్టుకుని రేపల్లె బజారులో నడిచిన రోజున, రోజూ పలకరించని మిల్లు యజమాని కూడా పిలిచి టీ ఇప్పించాడు. ఆ టీ రుచి మరిగాక ల్యాప్‌టాప్ వదులుకోవడం ఎవరితరం చెప్పండి.

కాని నాకు కుదురు లేదని చెప్పాను కదా. బాగా పనిచేస్తున్నదాన్ని ఇంకా బాగా పనిచేయించాలనిపించింది. తెనాలిలో ఒక కంప్యూటర్ షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ చేయించాను. షాపు నడిపే కుర్రాణ్ణి తమ్ముడూ అనేవాణ్ణి. తమ్ముడు సాయంత్రానికల్లా దాన్ని కొత్త పెళ్లికొడుకులా ముస్తాబు చేసి తిరిగిచ్చాడు. రేపల్లె వచ్చి తెరిస్తే తెరంతా మసక. కంగారుగా మర్నాడు తెనాలి తీసుకెళితే షాపులో ధగధగా వెలిగింది. ఇంటిదగ్గర ఒళ్లు కాలిపోయే పిల్లవాడు డాక్టరు గుమ్మం తొక్కగానే చల్లబడి నవ్వుతాడు చూడండి, అలాగ. మళ్లీ రేపల్లె, మళ్లీ మసక. మళ్లీ తెనాలి, మళ్లీ ధగధగ. ఆ వారమంతా నేను ఇంట్లో ఉన్నదానికంటే రైల్లో ఉన్నదే ఎక్కువ. మిల్లు యజమాని తవుడు దుమ్ము లోపలికి పోయిందన్నాడు. టీకొట్టాయన సముద్రపు ఉప్పుగాలి అన్నాడు. మా అమ్మ మాత్రం దిష్టి అని తేల్చి, నేను చూడనప్పుడు దానికి ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది.

అసలు సంగతి ఒక మధ్యాహ్నం కరెంటు పోతే తెలిసింది. ఆ రోజు షాపులో ఇన్వర్టర్ కూడా పడుకుంది. బల్లమీద వెలుగుతున్న మా ల్యాప్‌టాప్ మా ఇద్దరి కళ్లముందే మసకబారింది.

“పోయిందన్నా,” అన్నాడు తమ్ముడు, పరీక్ష పాసైనవాడిలా.

“పోయింది తమ్ముడూ,” అన్నాను, అంతకంటే సంతోషంగా.

జిరాక్సు కోసం నిలబడ్డ పెద్దమనిషి మమ్మల్ని చూసి రెండడుగులు వెనక్కి జరిగాడు. తెనాలిలో కరెంటు పోయినందుకు ఆనందించిన వాళ్లను ఆయన అంతకుముందు చూసి ఉండడు. సంగతి ఏమిటంటే, షాపులో అది ఎప్పుడూ వైరు తగిలించే ఉండేది. రేపల్లెలో పగలంతా కరెంటు కోత, రాత్రి మూసిపెట్టి చార్జి చేసి, పగలు బ్యాటరీమీదే నడిపేవాణ్ణి. గ్రాఫిక్స్ డ్రైవర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది, కంప్యూటర్ మాటను తెరకు చెప్పే దుబాసీ లాంటిది. ఫార్మాట్ చేసినప్పుడు తమ్ముడు దగ్గరున్న సీడీలోంచి వేరే రకం ల్యాప్‌టాప్ దుబాసీని తెచ్చి ఇందులో కూర్చోబెట్టాడు. వైరు తీయగానే అది ‘అయ్యగారు పొదుపు చేయమన్నారు’ అని తెరను ఆర్పేస్తోంది. సూర్యుడి బొమ్మ ఉన్న మీట నొక్కితే వెలుగు పెరిగినట్టు తెరమీద గీతలు పెరిగేవి, వెలుగు పెరిగేది కాదు (ప్రెస్‌మీట్లలో అభివృద్ధి లాగ). కరెంటు వచ్చాక, సరైన డ్రైవర్‌ను కంపెనీవాళ్ల సైటునుంచి దించడానికి కూర్చున్నాడు. ఫోన్‌లైను ఇంటర్నెట్‌లో అది చివరిదాకా రావడం, ఎవరో షాపుకు ఫోన్ చేయడం, మళ్లీ మొదటికి రావడం. నేను షాపులో ఆ మూలకూ ఈ మూలకూ తిరుగుతుంటే, “కూచో అన్నా, నువ్వు నడిస్తే అది నడవదు,” అన్నాడు తమ్ముడు.

తిరిగి చూస్తే ఇన్‌ఛార్జి గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతిసంచీతో సహా.

“ఏమయ్యా, నేనూ రేపల్లె వస్తున్నా, పద. రైల్లో కూడా రాయొచ్చని నువ్వేగా చెప్పావు. రాసి చూపించు. లేదంటే రేపు బాపట్ల పంపించేస్తా.”

అలా నేను తువ్వాలు కిందికి చేరాను. చీకట్లో పెడితే మసకతెర కాస్తన్నా కనబడుతుందని నా ఎత్తు. పక్కన కూర్చున్నావిడ, వరసకు కాదు వయసుకు పిన్ని, నిజాంపట్నం మనిషి, తెనాలిలో ఎండుచేపలు అమ్ముకుని ఖాళీ తట్టలతో తిరిగి వెళుతోంది. చాలాసేపు చూసి చూసి ఇక ఉండబట్టలేక సంచిలోంచి బామ్ సీసా తీసింది.

“ఆవిరి పడతాకి చెంబన్నా లేకుండా ఏం పడతన్నావ్ అబ్బాయ్? ఉండు, కదలమాక.”

“పిన్నీ, నాకు జలుబు లేదు, కంప్యూటర్...”

“జొరం కూడా ఉన్నట్టుందండి,” అంది పిన్ని, ఇన్‌ఛార్జి గారితో. ఆయన గంభీరంగా తలూపారు.

కళ్లు మూసుకుపోయాయి. ఉన్న ఆ కొద్ది మసకా పోయింది. భట్టిప్రోలు వస్తోంది. ఇక చేసేదేమీ లేక, వేళ్లకు గుర్తున్నంతలో, వానకు తడిసిన ధాన్యం గురించి మొదటినుంచి చివరిదాకా కొట్టుకుపోయాను. వెనక్కి తిరిగి చూడడానికి చూపు లేదు, కొట్టేయడానికి అక్షరం కనబడదు. నా జీవితంలో మొదటిసారి ఒక వార్తను లేవకుండా రాశాను.

రేపల్లె స్టేషన్ ఎదురుగా ఉన్న ఫొటో స్టూడియోలో, అదృష్టంకొద్దీ కరెంటు ఉండగా, వైరు తగిలించారు. తెర ధగధగా వెలిగింది. ఇన్‌ఛార్జి గారు కళ్లజోడు సవరించుకుని చదివారు, మళ్లీ చదివారు. నేను స్టూడియో మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉన్నాను.

“బాగుందయ్యా. ఇన్నాళ్లకి ఒక్కటి బాగా రాశావు. నీకు కనబడితే కెలుకుతావు,” అన్నారు. నా గుండె నిండింది. ఆయన వైరు చుట్టి, ల్యాప్‌టాప్ మూసి, తన సంచిలో పెట్టుకున్నారు. “చూడకుండా ఇంత బాగా రాసేవాడికి తెరెందుకు? కాగితం చాలు.”

ల్యాప్‌టాప్ బాపట్ల వెళ్లింది. మిల్లు యజమాని టీలు మానేశాడు. ఆ వారంలోనే తమ్ముడు సరైన డ్రైవర్ దించి సీడీలో ఎక్కించి ఇస్తే, బాపట్ల బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాను. చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో బావ కనబడితే, భోజనాల బంతిలోనే అడిగాను, తెర బాగైందా అని. “తెరకేమైంది బావా? మొదటిరోజునుంచీ భేషుగ్గా వెలిగేదిగా. ఇంట్లో ఇన్వర్టర్ ఉండగా వైరు ఎప్పుడన్నా తీస్తే కదా,” అన్నాడు పెరుగు కలుపుకుంటూ. సీడీ సంగతి ఆయనకు గుర్తులేదు.

ఇప్పుడు నాకు సొంత ల్యాప్‌టాప్ ఉంది, ఎండలో కూడా కనబడుతుంది. వాక్యం కుదరనప్పుడు మా ఆవిడ చూడకుండా వెలుగు బాగా తగ్గించి, కళ్లు మూసుకుని కొడతాను. నిమిషం తిరక్కుండానే కళ్లు తెరిచి కెలుకుతాను. తమ్ముడు అంత కష్టపడి దించిన ఆ డ్రైవర్ వేసి ఉంటే వైరు తీసినా తెర వెలిగేదో లేదో మాత్రం ఇప్పటికీ ఎవరికీ తెలియదు.