బీరువా బాబాయి నడుము, పిన్ని మోకాలు

ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోయడం ఆయన పని. వయసులో ఉన్నప్పుడు ఒక ఇనుప బీరువాను ఒక్కడే వీపుకెత్తుకుని రెండంతస్తులు ఎక్కించాడట. అప్పటినుంచి లారీ మీద పనిచేసేవాళ్ళందరికీ ఆయన బీరువా బాబాయే. ఆ లెక్కన ఆయన భార్య అందరికీ పిన్ని.

అంత మోత మోసిన మనిషి ఒకరోజు పొద్దున జారిపడ్డ సబ్బు కోసం వంగి, మళ్ళీ లేవలేకపోయాడు. నడుములో పొడిచినట్టయి, నొప్పి ఎడమకాలి వేళ్ళదాకా పాకింది. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు పక్కకు ఉబ్బి నరాన్ని నొక్కుతోందని స్కానింగులో తేలింది. ఆపరేషన్ అక్కర్లేదన్నాడు డాక్టరు. మందులు వాడి, నొప్పి తగ్గాక మెల్లగా తిరగమన్నాడు.

ఆ తిరగమన్న మాట ఇంట్లో ఎవరి చెవినా పడలేదు. బాబాయికి భయం. పిన్నికి అంతకు రెట్టింపు భయం. మంచినీళ్ళూ పళ్ళెమూ మంచం దగ్గరికే వచ్చేవి. లిఫ్టు లేని ఆ భవనంలో కూరలకీ మందులకీ మూడో అంతస్తునుంచి ఆవిడే దిగేది, ఎక్కేది. నొప్పి చాలావరకు తగ్గినా ఆయన మంచం వదల్లేదు.

"నేనింక పనికిరానే" అనేవాడు గోడవైపు తిరిగి.

"గోడకు చెబుతారేం, నాకు చెప్పండి" అనేది పిన్ని.

చివరికి లారీ డ్రైవరు ఒక ఫిజియోథెరపిస్టును వెంటబెట్టుకొచ్చాడు. చిన్న వయసు అమ్మాయి. వస్తూనే గిన్నెలు తోమే స్పాంజి అడిగి తీసుకుంది.

"పెద్దయ్యాక డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు అంకుల్. దానికి తిండి చుట్టుపక్కలనుంచి ఊరి రావాల్సిందే" అంటూ స్పాంజిని నీళ్ళలో పిండి వదిలింది. అది ఉబ్బి నీళ్ళు పీల్చుకుంది. "అచ్చం ఇలాగే కాదు గానీ, దాదాపు ఇంతే. నిలబడి తిరిగితే కాస్త నొక్కుకుంటుంది, పడుకుంటే నీరు నింపుకుంటుంది. రెండూ కావాలి. బీరువాలెత్తితే నలిగిపోతుంది. అసలు కదలకపోతే పస్తుంటుంది."

"ఇన్నాళ్ళూ దాన్ని పస్తు పెట్టానా?" అన్నాడు బాబాయి, ఎవరో చంటిపిల్ల సంగతి విన్నట్టు.

మర్నాడే నడక మొదలైంది. ముందు వరండాలో, తర్వాత కింద వీధిలో. పక్కన పిన్ని ఉండాల్సిందే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన తెల్లారకుండానే లారీ ఎక్కేసేవాడు. ఇద్దరూ తీరిగ్గా కలిసి నడిచింది లేదు. దారిలో కనబడే ప్రతి కిటికీ కర్టెన్ మీదా ఆవిడకో అభిప్రాయం ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఒక సాయంత్రం తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే వెనకనుంచి చూశాడు. పిన్ని గోడ పట్టుకుని, కుడికాలు పైమెట్టు మీద పెట్టి, ఎడమకాలిని దాని పక్కకు లాక్కుంటోంది.

"ఎప్పట్నుంచే ఇది?"

"అబ్బే, కాస్త పట్టేసిందంతే."

"ఎప్పట్నుంచి?"

ఆవిడ మెట్టు మీద ఆగింది. "మీరు పడకముందునుంచే. మీ నడుము అట్లా ఉంటే నా మోకాలి గొడవ ఎందుకని ఊరుకున్నా."

ఈసారి బాబాయే ఆవిణ్ణి తీసుకెళ్ళాడు. ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థి అరిగిందని చెప్పింది ఫిజియో అమ్మాయి. మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు మూడురెట్ల దాకా పడుతుందనీ, తొడ కండరాలు బలపడితే ఆ భారం కొంత అవి పంచుకుంటాయనీ వివరించింది.

బాబాయికి మోత అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. పిన్ని మోకాలివైపు చూశాడు. తర్వాత, "బీరువా మోసింది నేననుకున్నానే" అన్నాడు.

ఆ నెలలోనే కింది అంతస్తు ఇల్లు చూసుకున్నారు. సామాను దించడానికి తోటివాళ్ళే వచ్చారు. ఊరకుండలేక బాబాయి బల్ల మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్ బాబాయ్. నోటితో చెప్పు చాలు" అన్నాడు డ్రైవరు.

కుర్చీలో కూర్చుని ఏ మలుపులో ఏది ఎలా తిప్పాలో చెప్పాడు. ఒక్క గీతైనా పడకుండా అన్నీ దిగాయి. లారీ యజమానికి ఆ సంగతి తెలిసి, ఇక నుంచి లారీ దగ్గర నిలబడి పని చూసుకోమన్నాడు.

కొత్త ఇంట్లో మొదటి సాయంత్రం ఇద్దరూ నడకకు బయల్దేరారు. గుమ్మం దాటితే వీధే. బాబాయి మోచెయ్యి అందించాడు.

"ఇక్కడ మెట్లు లేవుగా, ఎందుకూ?" అంది పిన్ని.

అంటూనే పట్టుకుంది.